"ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ నాన్నా": పిల్లల వీడియో గేమ్‌లను చదువుకు అడ్డం రాకుండా దారిలో పెట్టడం ఎలా?

రాత్రి తొమ్మిదిన్నర. కంచంలో అన్నం చల్లారిపోయింది. లోపలి గదిలోంచి మూడోసారి అదే మాట: "ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ నాన్నా." మీరు విసురుగా లేచి వెళ్లి ఫోన్ లాక్కుంటారు. వాడు అలిగి, అన్నం తినకుండా ముసుగు తన్ని పడుకుంటాడు. మర్నాడు రాత్రి మళ్లీ ఇదే. మా ఇంట్లో ఈ బాగోతం దాదాపు ఏడాది నడిచింది. మా వాడు అప్పుడు ఎనిమిదో తరగతి.

నాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. "గేమ్స్ ఆడి ఆడి బుర్ర పాడైపోయింది సార్, మీరైనా చెప్పండి" అంటూ తల్లిదండ్రులు నా దగ్గరికే వస్తారు. సొంత ఇంట్లో గెలవలేనివాణ్ణి, వాళ్లకేం చెప్పను? అందుకే ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని కూర్చుని చదివాను. చదివింది ఇంట్లో చేసి చూశాను. ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో కింద రాస్తున్నాను.

చదివాక నాకు అర్థమైంది ఇది. గేమ్ ఏ పని చేయిస్తుందో పిల్లవాడు ఆ పనిలోనే ఆరితేరతాడు. అందులోంచి తెలివి ఊడిపడదు, బుర్ర కుళ్లిపోనూ పోదు. చదువుకు దెబ్బ తగిలేది చాలావరకు గేమ్ వల్ల కాదు, గేమ్ మింగేసిన గంట వల్ల. కాబట్టి మనం పట్టుకోవాల్సింది ఫోన్‌ని కాదు, గడియారాన్ని.

ఇక్కడ చెప్పేదంతా సుమారు పదేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లల గురించి. అయిదేళ్ల లోపు వాళ్లకు ఈ తతంగమేమీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు పాపకు స్క్రీన్ వద్దే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చే అలవాటు ఉంటే ముందు దాని సంగతి చూడండి.

మొదటి వారం: ఏమీ అనకండి, రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఏడు రోజుల పాటు మూడు విషయాలు రాయండి: ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎప్పుడు ఆపాడు, ఆ సమయంలో మామూలుగా ఏం జరిగి ఉండేది. మూడోదే అసలు లెక్క. సాయంత్రం ఐదింటికి ఆడితే బయట ఆట పోయింది. ఏడింటికి ఆడితే హోంవర్క్ పోయింది. పదింటికి ఆడితే నిద్ర పోయింది. ఆదివారం మధ్యాహ్నం ఆడితే బహుశా ఏమీ పోలేదు, ఆ టైమ్‌లో ఎలాగూ సోఫాలో దొర్లుతుండేవాడు. గంట గంటే, కానీ నాలుగింటి ఖరీదూ ఒకటి కాదు.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఏ యాప్ ఎంతసేపు వాడారో చూపిస్తుంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్. మీ చేతి రాతతో పాటు ఆ అంకె కూడా రోజూ పక్కన వేసుకోండి. రెండూ కలవకపోతే కంగారు పడకండి, కలవవు. దుప్పటి కింద ఆడినవి మీ పుస్తకంలోకి ఎక్కవు కదా.

ఈ వారం తిట్టకూడదు. ఇది చాలా కష్టం, ముందే చెప్తున్నాను. నేను మూడో రోజుకే నోరు జారాను, మావాడు వెంటనే జాగ్రత్తపడ్డాడు, ఆ వారం లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరైంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంకో మాట: అదే నోట్‌బుక్‌లో వెనక పేజీ మీ ఫోన్ లెక్కకు ఉంచండి. మా ఇంట్లో నానమ్మ క్యాండీ క్రష్ లెక్క మనవడి లెక్కను ఓడించింది. దాంతో ఆ వారం ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేకపోయారు. ఒక రకంగా మంచిదే అయింది.

రెండో పని: పక్కన కూర్చుని ఒక గేమ్ ఆడండి

మీరు ఆడని గేమ్ గురించి మీరు పెట్టే రూల్ నిలవదు. "నీకేం తెలుసు నాన్నా" అనే మాట ముందు మన దగ్గర జవాబుండదు. శనివారం ఓ గంట కేటాయించి, "నాకు నేర్పు" అని అడగండి. మీరు ఘోరంగా ఓడిపోతారు, వాడికి ఆనందం ఆగదు. ఆ గంటలో మీరు మాత్రం నాలుగు విషయాలు కనిపెట్టండి.

ఒక ఆట ఎంతసేపట్లో ముగుస్తుంది? క్లాష్ రాయల్ మూడు నాలుగు నిమిషాలు. ఫ్రీ ఫైర్ పది, పదిహేను. బీజీఎంఐలో (పబ్‌జీకి మన దేశపు రూపం) పెద్ద మ్యాప్ అయితే చివరిదాకా బతికితే అరగంట. మధ్యలో ఆపితే ఏం పోతుంది? కొన్నింట్లో ఏమీ పోదు, సేవ్ చేసుకుని లేవొచ్చు. కొన్నింట్లో ర్యాంక్ పోతుంది, స్క్వాడ్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, మిగతా ముగ్గురి తిట్లు తినాలి. డబ్బు అడుగుతుందా, ఎన్నిసార్లు అడుగుతుంది? ఇక నాలుగోది, ఆడుతున్నప్పుడు వాడు నిజంగా ఏం చేస్తున్నాడు: ప్లాన్ వేస్తున్నాడా, దారి వెతుకుతున్నాడా, ఏదైనా కడుతున్నాడా, లేక బొటనవేలు తనంతట తాను కదులుతోందా?

నాలుగో ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. 1992లో అమెరికాలో రిచర్డ్ హయ్యర్ అనే శాస్త్రవేత్త బృందం కొందరికి కొన్ని వారాల పాటు టెట్రిస్ (పైనుంచి పడే దిమ్మల్ని పేర్చే గేమ్) ఆడించి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీసింది. మొదట్లో మెదడు చాలా ఇంధనం ఖర్చు పెట్టింది. ఆట బాగా వచ్చాక స్కోరు ఎన్నో రెట్లు పెరిగినా ఇంధనం ఖర్చు తగ్గింది. సైకిల్ కొత్తగా తొక్కినప్పుడూ, అలవాటయ్యాక తొక్కినప్పుడూ తేడా ఉండదూ, అలాంటిదే. దీన్నిబట్టి నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. కొత్త గేమ్ మొదటి కొన్ని వారాలు ఏదో ఒకటి నేర్పుతుంది. రెండేళ్లుగా అదే మ్యాప్‌లో అదే తుపాకీతో తిరుగుతున్నవాడు నేర్చుకోవడం ఎప్పుడో మానేశాడు, కాలక్షేపం చేస్తున్నాడు. కాలక్షేపం తప్పేం కాదు. కానీ దానికి "స్కిల్ పెరుగుతోంది" అని పేరు పెట్టనివ్వకండి.

రూల్స్ పెట్టేముందు: మెదడు సంగతి నిజంగా ఎంత?

రూల్స్ దగ్గరికి తొందరపడకండి. ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే మీ పిల్లవాడు యూట్యూబ్‌లో చూసి వచ్చి, "గేమ్స్ ఆడితే బ్రెయిన్‌కి మంచిదని సైంటిస్టులే చెప్పారు" అంటాడు. వాడు అబద్ధం చెప్పట్లేదు.

2003లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో షాన్ గ్రీన్, డాఫ్నీ బవేలియర్ ఒక ప్రయోగం చేశారు. గేమ్‌లు అలవాటు లేని కొందరికి పది రోజుల పాటు రోజుకో గంట యుద్ధం గేమ్ ఆడించారు, ఇంకొందరికి టెట్రిస్ ఇచ్చారు. యుద్ధం గేమ్ ఆడినవాళ్లకు తెరమీద ఒకేసారి ఎక్కువ వస్తువుల్ని కనిపెట్టే శక్తి, గజిబిజిలో కావాల్సిన దాన్ని పట్టుకునే శక్తి మెరుగయ్యాయి. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఇంకో ప్రయోగం: పెద్దవాళ్లకు రెండు నెలలు, రోజుకు అరగంట సూపర్ మారియో 64 ఆడించి స్కాన్ తీస్తే, దారులు గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్‌లోనూ, ప్లాన్ వేసే నుదుటి వెనక భాగంలోనూ, చేతి కదలికల్ని చూసుకునే చిన్నమెదడులోనూ బూడిద పదార్థం పెరిగినట్టు కనిపించింది.

ఇక రెండోవైపు. 2017లో మాంట్రియల్‌లో గ్రెగ్ వెస్ట్ బృందం 90 గంటలు ఆడించి చూసింది. చుట్టూ ఉన్న గుర్తుల్ని బట్టి దారి పట్టుకునేవాళ్లకు యాక్షన్ గేమ్ వల్ల హిప్పోక్యాంపస్ పెరిగింది. "కుడి, ఎడమ, మళ్లీ కుడి" అని అలవాటుతో వెళ్లిపోయేవాళ్లకు అదే గేమ్ వల్ల తగ్గింది. మారియో లాంటి గేమ్ ఆడినప్పుడు అలా తగ్గలేదు, పెరిగింది. ఒకే గేమ్, ఒకరికి అలా, ఇంకొకరికి ఇలా. కాబట్టి ఎవరైనా "గేమ్స్ మంచివి" అనిగానీ "చెడ్డవి" అనిగానీ ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ గేమ్, ఎవరు, ఎలా ఆడుతున్నారు అని అడగండి.

సరే, చూపు చురుకైంది. మరి లెక్కలు? సోషల్? ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. బ్రిటన్‌లో 11,430 మందితో ఆరు వారాలు "మెదడు వ్యాయామం" ఆటలు ఆడించారు, ఫలితాలు 2010లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఆ ఆటల్లో అందరూ బాగుపడ్డారు. దగ్గరగా ఉండే వేరే పరీక్ష పెడితే ఆ మెరుగు కనిపించలేదు. జ్ఞాపకశక్తి పెంచుతామని ప్రకటనలు ఇచ్చిన లూమోసిటీ కంపెనీ 2016లో అమెరికా వాణిజ్య కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టి కేసు తేల్చుకుంది. ఆధారం లేకుండా ఆశ పెట్టారని అభియోగం. మన దగ్గర "బ్రెయిన్ బూస్ట్" అంటూ పిల్లల యాప్‌లకు ఏడాది చందా కట్టించుకునేవాళ్లు తలుపు తడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

లాభం అస్సలు బయటికి రాదా అంటే, దగ్గరి పనిలోకి వస్తుంది. చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, స్క్రీన్ చూస్తూ కీహోల్ ఆపరేషన్లు చేసే 33 మంది సర్జన్ల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, ఒకప్పుడు వారానికి మూడు గంటలకు పైగా గేమ్‌లు ఆడినవాళ్లు శిక్షణ పరీక్షలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. స్క్రీన్ చూస్తూ చేతులు కదిపే పని, గేమ్ కూడా అదే కదా. (చురుకైన చేతులున్నవాళ్లే గేమ్‌లు ఎక్కువ ఆడారేమో, అదీ ఆలోచించాలి.) ఈత నేర్చుకున్నవాడికి నీళ్ల భయం పోతుంది. అంతమాత్రాన వ్యాసం రాయడం రాదు.

డోపమైన్ మాట కూడా పిల్లలకు తెలిసిపోయింది. ఏదైనా బాగుందనిపించినప్పుడు, మళ్లీ కావాలనిపించినప్పుడు మెదడులో కదిలే రసాయనం అది. 1998లో లండన్‌లో ఎనిమిది మంది మగవాళ్లు ట్యాంక్ గేమ్ ఆడుతుండగా స్కాన్ తీస్తే మెదడులో డోపమైన్ విడుదల పెరిగింది. ఇది విని "అయ్యో, డ్రగ్స్ లాంటిదే" అనుకోకండి. ఇష్టమైన తిండికీ, పొగడ్తకీ కూడా అది కదులుతుంది. అసలు కిటుకు వేరే ఉంది. వస్తుందని తెలిసినదానికంటే, అనుకోకుండా వచ్చినదానికి డోపమైన్ ఎక్కువగా స్పందిస్తుంది. గేమ్ తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఏం దొరుకుతుందో తెలియని పెట్టెలు, ఎప్పుడో ఒకసారి పడే అరుదైన స్కిన్ (గేమ్‌లో బొమ్మకో తుపాకీకో వేసే కొత్త వేషం), అన్నీ దాని మీద కట్టినవే. తమాయించుకునే నుదుటి వెనక భాగమేమో ఇరవయ్యేళ్లు దాటాక గానీ పూర్తిగా తయారవదు. పదమూడేళ్ల పిల్లవాణ్ణి "నీకే బుద్ధుండాలి, నువ్వే ఆపాలి" అనడం వల్ల ఉపయోగం లేదు. ఆపడానికి వాడికి బయటి నుంచి ఒక గట్టు కావాలి. ఇక ఆ గట్టు కడదాం.

మూడో పని: నిమిషాల్లో కాదు, మ్యాచ్‌ల్లో లెక్క కట్టండి

"గంటే ఆడాలి" అన్న రూల్ మా ఇంట్లో వారం కూడా నిలవలేదు. గంట కొట్టేసరికి మ్యాచ్ సగంలో ఉంటుంది, వాడు ఇంకా బతికే ఉంటాడు, స్నేహితులు వాడి మీద ఆధారపడి ఉంటారు. ఆ క్షణంలో ఫోన్ లాక్కోవడమంటే క్రికెట్‌లో బ్యాటింగ్ చేస్తున్నవాడి చేతిలో బ్యాట్ లాక్కోవడమే. గొడవ మనమే తెచ్చుకున్నట్టు.

అందుకే లెక్క మార్చండి. మామూలు రోజు బీజీఎంఐ అయితే ఒక్క మ్యాచ్, ఫ్రీ ఫైర్ అయితే రెండు లేదా మూడు, క్లాష్ రాయల్ అయితే ఎనిమిది. మైన్‌క్రాఫ్ట్ లాంటి ముగింపు లేని వాటికి మాత్రం నిమిషాలే పెట్టాలి, అవి ఎక్కడైనా ఆపొచ్చు. ఆఖరి మ్యాచ్ మొదలయ్యేముందు వాడే వచ్చి "ఇదే లాస్ట్" అని చెప్పాలి. చెప్పడం వాడి పని, అడగడం మీ పని కాదు. చెప్పిన మ్యాచ్ మొదటి నిమిషంలోనే చచ్చిపోతే? మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చ జరిగింది. చివరికి అయిదు నిమిషాల లోపు అవుటైతే ఇంకొకటి, వారానికి రెండుసార్లే, అని తేలింది. మీ ఇంటి రూల్ మీరే తేల్చుకోండి, కానీ వాడితో కూర్చుని తేల్చండి, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఫోన్‌లో టైమర్ పెట్టే యాప్‌లున్నాయి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో పిల్లవాడి ఖాతా కలిపితే యాప్‌కి ఇంత సమయమని పెట్టొచ్చు, రాత్రి ఇన్నింటికి ఫోన్ లాక్ అయిపోయేలా చెయ్యొచ్చు. పదకొండేళ్ల పిల్లలకు బాగానే పనిచేస్తుంది. పదిహేనేళ్లవాడు దాన్ని దాటే దారి మనకంటే ముందే కనుక్కుంటాడు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

నాలుగో పని: రాత్రిని కాపాడండి

అన్ని రూల్స్ పెట్టే ఓపిక లేకపోతే ఈ ఒక్కటి చాలు. పడుకునే గంటన్నర ముందు గేమ్ ఆగాలి. ఫోన్ రాత్రి పిల్లల గదిలో ఉండకూడదు.

కారణం ఉంది. పగలు చదివింది రాత్రి నిద్రలోనే గట్టిపడుతుంది. 2007లో జర్మనీలో 11 మంది స్కూలు పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. సాయంత్రం ఒక గంట కంప్యూటర్ గేమ్ ఆడిన రోజు వాళ్ల గాఢ నిద్ర తగ్గింది, అంతకుముందు నేర్చుకున్న మాటలు గుర్తుంచుకోవడంలోనూ వెనకబడ్డారు. చిన్న ప్రయోగమే, పదకొండు మందే. కానీ ట్యూషన్లో ఉదయం బ్యాచ్‌లో ఎవరు రాత్రి ఆడి వచ్చారో నేను కళ్లు చూసి చెప్పగలను. నిన్న చేసిన లెక్కే ఈరోజు కొత్తగా కనిపిస్తుంది వాళ్లకు.

హాల్లో ఒక చోట ఛార్జర్ పెట్టండి. అమ్మది, నాన్నది, పిల్లలది, అందరి ఫోన్లూ రాత్రి అక్కడే పడుకోవాలి. "అలారం కోసం కావాలి" అంటాడు. చిన్న అలారం గడియారం కొనివ్వండి, ఆ సాకు అక్కడితో తీరిపోతుంది. మీ ఫోన్ మాత్రం మీ దిండు కింద ఉంటే ఈ రూల్ రెండు రోజులే.

ఇక రోజులో గేమ్ ఎక్కడ పెట్టాలి? బయట ఆట, తర్వాత చదువు, ఆ తర్వాత గేమ్, ఆపై భోజనం. ఇదే నాకు కుదిరిన వరస. గేమ్‌ని భోజనానికి ముందు పెడితే అన్నం పిలుపే గేమ్ ముగింపు అవుతుంది, మనం పోలీసు అవతారం ఎత్తక్కర్లేదు. గేమ్ కంటే చదువు ముందు ఎందుకంటే, అమెరికాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. ఇంట్లో గేమ్ యంత్రం లేని ఆరు నుంచి తొమ్మిదేళ్ల మగపిల్లలు 64 మంది. సగం మందికి ప్లేస్టేషన్ వెంటనే ఇచ్చారు, మిగతా సగానికి నాలుగు నెలల తర్వాత. నాలుగు నెలలయ్యేసరికి ముందు అందుకున్నవాళ్లు చదవడంలో, రాయడంలో వెనకబడ్డారు. వాళ్ల మెదడుకు ఏదో అయిపోయిందని కాదు, బడి తర్వాత చదువుకు పెట్టే సమయం గేమ్‌లోకి పోయింది.

ఈ వరస మన కార్పొరేట్ స్కూళ్ల పిల్లలకు కుదరదని నాకు తెలుసు. స్టడీ అవర్ ముగించుకుని రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరేవాడికి బయట ఆటెక్కడ, గేమెక్కడ? అలాంటివాడికి వారంలో అయిదు రోజులు గేమ్ వద్దనడం కన్నా, ఇంటికి రాగానే ఒక చిన్న మ్యాచ్ ఇచ్చి, ఆదివారం కాస్త ఎక్కువ ఇవ్వడమే నయం. పొద్దున్నుంచి కూర్చున్న పిల్లవాడు మళ్లీ స్క్రీన్ ముందు కూర్చోవడం నాకు నచ్చదు. కానీ ఆ తప్పు గేమ్‌ది కాదు.

అయిదో పని: గేమ్‌లో ఉన్న కిటుకులు చదువులోకి తేవడం

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ట్యూషన్ మాస్టారిని కదా. లెక్కల పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేనివాడు ఒకే లెవెల్‌ని నలభైసార్లు ఓడిపోయి మళ్లీ ఆడతాడు. ఓపిక లేకపోవడం కాదన్నమాట. గేమ్‌లో తప్పు చేస్తే ఆ క్షణంలోనే తెలుస్తుంది, మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఎవరూ నవ్వరు. లెవెల్ మరీ తేలిక కాదు, మరీ కష్టం కాదు. పుస్తకంలో తప్పు చేస్తే యూనిట్ టెస్ట్ పేపర్ వచ్చే దాకా తెలియదు, వచ్చాక క్లాసులో అందరి ముందూ తెలుస్తుంది.

ముందుగా పాఠాన్ని లెవెల్స్‌గా కోయండి. "త్రికోణమితి చదువు" అనకండి. ఒకటో లెవెల్: సైన్, కాస్, టాన్ నిష్పత్తులు చూడకుండా రాయడం. రెండోది: పటం ఇస్తే విలువ చెప్పడం. మూడోది: నిచ్చెన, గోడ లెక్కలు. ఒక్కో దానికి అయిదు ప్రశ్నలు. నాలుగు సరైతేనే తర్వాతి లెవెల్. ఓడిపోతే అదే రోజు కాదు, మర్నాడు మళ్లీ. నా దగ్గర పిల్లలు దీన్ని "రీస్పాన్" (గేమ్‌లో చచ్చి మళ్లీ పుట్టడం) అంటారు, పేరు వాళ్లే పెట్టారు.

ఇంకొకటి, జవాబు వెంటనే తెలియాలి. పది లెక్కలు చేశాక వెనక పేజీ చూడటం కాదు. ఒకటి చెయ్యి, చూడు, తప్పైతే ఎక్కడ తప్పిందో గీత పెట్టు, అప్పుడు రెండోది. పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే బలమైనది, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడం. గేమ్‌లో ఎవరూ మ్యాప్‌ని పదిసార్లు చదివి కంఠస్థం చెయ్యరు, దిగి తిరుగుతారు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు గెలిచారు. కాబట్టి సోషల్ పాఠం ఒకసారి చదివాక పుస్తకం మూయించి, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయమనండి. మొదటిరోజు నాలుగు లైన్లు కూడా రావు. ఏడుపు మొహం పెడతాడు. "మొదటి మ్యాచ్‌లో నేనెన్ని నిమిషాలు బతికానో గుర్తుందా" అని అడగండి. నవ్వుతాడు.

ఒక హెచ్చరిక. చదివితే గేమ్ టైమ్ ఇస్తానని లంచం పెట్టకండి. ఒక లెవెల్‌కి పది నిమిషాలు అని నేను పెట్టి చూశాను. వారం తిరక్కుండా వాడు లాయర్ అయిపోయాడు. చదువు ఏ రోజుకారోజు జరగాలి, గేమ్ వాటా గేమ్‌కి ఉండాలి, రెండింటి మధ్య బేరం వద్దు.

గేమ్ మార్చే వీలుంటే మెల్లగా మార్చండి. మైన్‌క్రాఫ్ట్‌లో ఊరు కట్టేవాడు, చెస్ ఆడి ఓడిన గేమ్‌ని వెనక్కి తిప్పి చూసుకునేవాడు, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్‌లో తనే చిన్న గేమ్ తయారుచేసేవాడు ఎంతోకొంత ప్లాన్ వేస్తున్నాడు. స్క్రాచ్ ఉచితం. "ఇది మంచి గేమ్, ఇదాడు" అంటే మాత్రం ఆడడు. మీరు ఆడుతూ కనిపించండి చాలు.

డబ్బు విషయం

ఇది త్వరగా తేల్చేద్దాం. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. అందులో సేవ్ అయి ఉన్న కార్డు తీసేయండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పొద్దు, వాళ్ల ముందు కొట్టొద్దు. నెలాఖరున యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఒకసారి చూడండి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే రమ్మీ, బెట్టింగ్ లాంటివి వేరే సంగతి. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మీ వాడి ఫోన్‌లో అలాంటిది కనిపిస్తే మ్యాచ్‌ల లెక్కలు, బేరాలు ఏమీ వద్దు, వెంటనే తీసేయండి. ఎవరి దగ్గరైనా అప్పు చేశాడా అని కూడా మెల్లగా కనుక్కోండి. ఈ ఒక్క ప్రశ్న కోపంగా అడిగితే నిజం ఎప్పటికీ బయటికి రాదు.

ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి?

ఎక్కువ ఆడే ప్రతి పిల్లవాడికీ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ "గేమింగ్ డిజార్డర్" అనే దాన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గంటల లెక్క అందులో లేదు. చూసేది మూడు: ఆపుకోలేకపోవడం, తిండీ చదువూ స్నేహాలూ అన్నీ గేమ్ వెనక్కి పోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం. ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగితేనే ఆ పేరు పెడతారు, తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే పెట్టొచ్చు.

మీరు ఏడాది ఆగనక్కర్లేదు. ఒకప్పుడు ఇష్టంగా చేసేవన్నీ మానేశాడా, బడికి వెళ్లనంటున్నాడా, నిద్ర తలకిందులైందా, ఫోన్ తీసుకుంటే చెయ్యెత్తడం, వస్తువులు విసరడం, చచ్చిపోతాననడం దాకా వచ్చిందా, మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి. చాలాసార్లు గేమ్ కింద ఇంకేదో ఉంటుంది: క్లాసులో ఏడిపించేవాడు, అర్థంకాని ఇంగ్లిష్ మీడియం, అమ్మానాన్నల గొడవలు. దాన్నుంచి పారిపోవడానికి పిల్లవాడికి దొరికిన తలుపు గేమ్. ఆ తలుపు ఒక్కసారిగా మూసేస్తే లోపల ఉన్నవాడు ఎటు పోతాడు? ముఖ్యంగా చావు మాటలు వినిపిస్తున్నప్పుడు ఫోన్ లాక్కుని గదిలో ఒంటరిగా వదిలేయకండి, పక్కనే ఉండండి, అదే రోజు ఫోన్ చేయండి.

ఫోన్ చేయాల్సిన నంబర్ 14416, టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి అలవాట్ల కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది. అంత దూరం వెళ్లలేకపోతే మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. వెళ్లేటప్పుడు మొదటి వారం రాసిన నోట్‌బుక్ తీసుకెళ్లండి. "ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడు డాక్టర్‌గారూ" అనే మాటకంటే ఆ ఏడు పేజీలు డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తాయి.

నాలుగో వారం

నెల చివర్లో మళ్లీ ఒక వారం నోట్‌బుక్ రాయండి, మొదటి వారం పక్కన పెట్టి చూడండి. మొత్తం గంటలు పెద్దగా తగ్గకపోవచ్చు. మావాడివి తగ్గింది కొంచెమే. కానీ రాత్రి పదింటి గీతలన్నీ సాయంత్రం ఏడింటికి జరిగాయి, అన్నం వేడిగా ఉండగానే తింటున్నాడు. శనివారం మాత్రం రూల్ ఇప్పటికీ దాటుతున్నాడు. స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ శనివారమే దొరుకుతారట. ఆ శనివారాన్ని నేను వదిలేశాను. నానమ్మ క్యాండీ క్రష్ లెక్క మాత్రం ఇంకా తేలలేదు.